అగలేగా రన్‌వేకు ఓటే పునాది

హిందూ మహాసముద్రంలో మనకు అత్యంత సన్నిహితమైన దేశాల్లో మారిషస్ ఒకటి. అక్కడ 2024 నవంబర్ 10న సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ప్రధాన దీవిలోని 20 నియోజకవర్గాల్లో 60 స్థానాలుంటే, అరవైకి అరవై ప్రతిపక్ష కూటమే గెలుచుకుంది. ప్రధాని ప్రవింద్ జుగ్నాథ్ తన సొంత నియోజకవర్గంలో కూడా ఓడిపోయారు. 77 ఏళ్ల నవీన్ రామ్‌గులామ్ మళ్లీ ప్రధాని అయ్యారు.

అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 ఫిబ్రవరి 29న, ఇదే జుగ్నాథ్ మన ప్రధాని నరేంద్ర మోదీతో కలిసి వీడియో ద్వారా అగలేగా దీవిలో కొత్త రన్‌వేను, జెట్టీని ప్రారంభించారు. మూడు కిలోమీటర్ల ఆ రన్‌వే నిర్మాణానికి ఖర్చు మనది. మూడు వందల మంది మాత్రమే నివసించే దీవిలో అంత పొడవైన రన్‌వే ఎందుకన్న ప్రశ్నను ప్రతిపక్షంలో ఉండగా గట్టిగా అడిగిన వారిలో ఇప్పుడు అధికారంలోకి వచ్చిన నాయకులు ఉన్నారు.

మామూలుగా చూస్తే ఇది మనకు ఆందోళన కలిగించాల్సిన ఫలితం. ఏడాది ముందే మాల్దీవుల్లో 'ఇండియా అవుట్' నినాదంతో ఒక ప్రభుత్వం వచ్చింది. మారిషస్‌లోనూ అదే కథ నడుస్తుందేమోనని ఢిల్లీలో కొందరు శంకించారు. ఆ భయం నిజం కాలేదు. 2025 మార్చి 12న మారిషస్ జాతీయ దినోత్సవానికి మోదీనే ముఖ్య అతిథిగా పిలిచారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో రామ్‌గులామ్ భారత్‌కు వచ్చి వారణాసిలో చర్చలు జరిపారు. అగలేగా రన్‌వే ఉన్నచోటే ఉంది.

గండం గడిచింది కదా అని ఊరుకుంటే పొరపాటు. ఈ ఎన్నిక మన సముద్ర భద్రత విధానానికి ఒక పరీక్ష. అందులో మనం ఉత్తీర్ణులమయ్యాం. ఏ కారణాలు మనల్ని గట్టెక్కించాయో, ఏవి దాదాపు ముంచబోయాయో ఇప్పుడు తీరిగ్గా లెక్క చూసుకోవాలి. పరాయి గడ్డ మీద ఉన్న సౌకర్యానికి కాంక్రీటు ఎంత మందం పోశామన్నది రెండో లెక్క. ఆ గడ్డ మీది ఓటరు దానికి ఎంతవరకు ఒప్పుకున్నాడన్నది మొదటి లెక్క.

అరవై–సున్నా లెక్క

మారిషస్ ప్రధాన దీవి విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లకు చేరువలో ఉంటుంది. అంటే ఇంచుమించు మన రాజన్న సిరిసిల్ల జిల్లా అంత. దేశ జనాభా 13 లక్షల లోపే. కానీ చాగోస్ దీవులను కలుపుకొంటే దాని ప్రత్యేక ఆర్థిక మండలి దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. చేపల నుంచి సముద్రగర్భ ఖనిజాల దాకా అంత నీటి మీద హక్కున్న దేశానికి సొంత సైన్యం లేదు. పోలీసు శాఖ, అందులోనే భాగమైన ప్రత్యేక దళం, తీర రక్షక దళం మాత్రమే ఉన్నాయి.

అక్కడి ఎన్నికల పద్ధతి మన పాఠకులకు కొంత వింతగా అనిపిస్తుంది. ప్రధాన దీవిలో ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు ఎన్నికవుతారు. ఓటరుకు మూడు ఓట్లు ఉంటాయి. రోడ్రిగ్స్ దీవి నుంచి ఇద్దరు వస్తారు. మొత్తం 62 మంది. ఆ పైన మత, జాతి వర్గాల ప్రాతినిధ్యంలో లోటు కనిపిస్తే ఓడినవారిలో మెరుగైన ఓట్లు పొందినవారికి గరిష్ఠంగా ఎనిమిది సీట్లు కేటాయిస్తారు.

ఈ పద్ధతిలో గాలి కాస్త ఒకవైపు తిరిగితే చాలు, సీట్లన్నీ అటే కొట్టుకుపోతాయి. 2019లో జుగ్నాథ్ కూటమికి వచ్చిన ఓట్లు 38 శాతం లోపే. అయినా 62లో 38 స్థానాలు గెలిచి అధికారం నిలబెట్టుకుంది. 2024లో రామ్‌గులామ్ కూటమికి 60 శాతం పైగా ఓట్లు వచ్చాయి. జుగ్నాథ్ కూటమికి నాలుగో వంతుకు పైగా ఓట్లు పడినా ప్రధాన దీవిలో నేరుగా ఒక్క సీటూ దక్కలేదు. ఇలా జరగడం ఇదే మొదటిసారి కాదు. 1982లోనూ, 1995లోనూ ప్రధాన దీవిలో అరవైకి అరవై ఒకే పక్షానికి దక్కాయి.

దీని అర్థం భద్రత వ్యూహకర్తకు స్పష్టంగా తెలియాలి. ఇలాంటి దేశంలో పాలక పక్షంతో మాత్రమే స్నేహం చేస్తే, ఒక్క రాత్రిలో ఆ స్నేహం విలువ వంద నుంచి సున్నాకు పడిపోగలదు. పెద్ద దేశాల్లో ప్రభుత్వం మారినా అధికార యంత్రాంగం, సైన్యం, ప్రతిపక్ష పాలనలోని రాష్ట్రాలు ఇలా నాలుగైదు తలుపులు తెరిచి ఉంటాయి. చిన్న దీవిలో ఉండేదే ఒకటి రెండు తలుపులు.

2024 ఎన్నికలో ఓటరును కదిలించినవి ప్రధానంగా ఇంటి సమస్యలే. ధరలు, అప్పులు, అవినీతి ఆరోపణలు. ఎన్నికలకు కొన్ని వారాల ముందు 'మిస్సీ ముస్తాస్' అనే మారుపేరుతో ఎవరో రాజకీయ నాయకుల, పాత్రికేయుల, దౌత్యవేత్తల, పోలీసు అధికారుల ఫోన్ సంభాషణలను సామాజిక మాధ్యమాల్లో పెట్టడం మొదలెట్టారు. ప్రభుత్వం ఏకంగా ఎన్నికలయ్యేదాకా సామాజిక మాధ్యమాల మీదే నిషేధం విధించింది. జనం భగ్గుమన్నారు. ఒకటి రెండు రోజుల్లోనే నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఫోన్ల మీద నిఘా ఉందన్న అనుమానం ఓటరు మనసులో నాటుకోవడానికి అంతకుముందు ఇంకో వివాదం కూడా దోహదం చేసింది. అందులో మన పేరు ఉంది. 2022లో అక్కడి టెలికాం సంస్థ మాజీ అధిపతి ఒకరు ఒక ఆరోపణ చేశారు. బై దు జాకోటే వద్ద సముద్రగర్భ కేబుల్ ఒడ్డుకు చేరే కేంద్రంలోకి భారతీయ సాంకేతిక బృందాన్ని రానివ్వాలని ప్రధాని తన మీద ఒత్తిడి తెచ్చారన్నది దాని సారం. జుగ్నాథ్ నిఘా ఆరోపణను ఖండించారు. భద్రతపరమైన సర్వే కోసం తానే భారత ప్రధానిని నిపుణుల సాయం అడిగానని చెప్పారు. నిజానిజాలు ఎలా ఉన్నా, ఒక విదేశంలో అంతర్గత రాజకీయ కలహానికి భారత్ పేరు ముడిపడింది. ఒక పక్షానికి మనం తోడుదొంగలమన్న ముద్ర పడితే, దాన్ని చెరపడానికి ఎన్ని వంతెనలు కట్టినా చాలవు.

సైన్యాన్ని పంపబోయిన రోజులు

నలభై ఏళ్ల కిందట మనం ఇదే మారిషస్‌కు సైన్యాన్ని పంపే దాకా వెళ్లామని చాలామందికి తెలియదు. 1982 ఎన్నికలో అరవైకి అరవై గెలిచిన కూటమి తొమ్మిది నెలలు తిరక్కుండానే నిలువునా చీలింది. ప్రధాని అనిరుద్ధ్ జుగ్నాథ్ ఒకవైపు, ఆర్థిక మంత్రి పాల్ బెరాంజే మరోవైపు. బెరాంజే తిరుగుబాటు చేయవచ్చన్న భయం ఢిల్లీకి చేరింది. ఇందిరాగాంధీ ఆదేశాల మీద సైన్యం, నౌకాదళం రంగం సిద్ధం చేశాయి. దాని పేరు ఆపరేషన్ లాల్ డోరా. దిగాల్సిన దళాలు మన సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి డివిజన్‌వి. డేవిడ్ బ్రూస్టర్, రంజిత్ రాయ్ కలిసి రాసిన పరిశోధన వ్యాసం 2013లో ఈ కథను వెలుగులోకి తెచ్చింది.

చివరికి ఓడలు కదలలేదు. నాయకత్వం నౌకాదళానిదా, సైన్యానిదా అన్న చోట పీటముడి పడింది. ఇందిరాగాంధీకీ సందేహాలు కలిగాయి. సైన్యానికి బదులు 'రా' అధిపతి ఎన్.ఎఫ్. సుంతూక్‌ను రంగంలోకి దించారు. అక్కడి భారత సంతతి నాయకుల మధ్య సయోధ్య కుదిర్చే పని ఆయనకు అప్పగించారు. 1983 ఆగస్టులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. అనిరుద్ధ్ జుగ్నాథ్ గెలిచారు. బెరాంజే ప్రతిపక్షంలో కూర్చున్నారు. తిరుగుబాటు జరగలేదు.

మా తరం అధికారులకు ఉమ్మడి కార్యాచరణ లోపానికి ఇదొక ఉదాహరణగా కనిపిస్తుంది. ఆ పాఠం నిజమే. అంతకన్నా పెద్ద పాఠం ఆ తర్వాతి చరిత్రలో ఉంది. ఎవరి మీద అనుమానంతో దళాలను సిద్ధం చేశామో, ఆ బెరాంజే 2003 నుంచి 2005 దాకా మారిషస్ ప్రధాని. భారత్‌తో సంబంధాలకు ఏ లోటూ రాలేదు. 2024 నవంబర్‌లో ఏర్పడిన ప్రభుత్వంలో ఉప ప్రధాని పదవి దక్కిందీ ఆయనకే. 1983లో మన దళాలు పోర్ట్ లూయిస్‌లో దిగి ఉంటే, ఆ తర్వాతి ప్రతి ఎన్నికలోనూ భారత్ ఒక ఎన్నికల అంశమయ్యేది. అగలేగా రన్‌వే గురించి ఎవరూ మాట కూడా ఎత్తగలిగేవారు కాదు.

ఇక్కడే ఇంకో మాట. మారిషస్ జనాభాలో మూడింట రెండు వంతుల మంది భారత సంతతి వారు. 1834 నుంచి చెరకు తోటల్లో కూలికి ఒప్పంద కార్మికులుగా వెళ్లిన దాదాపు నాలుగున్నర లక్షల మంది వారసులు. వారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లను 'కోరంగీలు' అనేవారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. ఇది గర్వించదగిన బంధమే. అయితే ఆ తెలుగువారు, ఆ భోజ్‌పురీలు, ఆ తమిళులు మారిషస్ పౌరులు. 2024లో అధికార పక్షాన్ని ఊడ్చేసిన ఓట్లలో వారివీ ఉన్నాయి. రక్తసంబంధం ఉంది కదా, ఎవరొచ్చినా మనవాళ్లే అనుకోవడం సోమరితనం. అక్కడి క్రియోల్, ముస్లిం, చైనీస్ సంతతి పౌరులకు ఆ మాట ఎలా వినిపిస్తుందో కూడా ఆలోచించాలి.

ఒకే పర్యటన, రెండు దీవులు

2015 మార్చిలో మోదీ సీషెల్స్, మారిషస్‌లలో వరుసగా పర్యటించారు. 'సాగర్' విధానాన్ని ప్రకటించింది ఆ పర్యటనలోనే. అప్పుడే రెండు దీవుల మీద అవగాహన కుదిరింది. సీషెల్స్‌లో అజంప్షన్. మారిషస్‌లో అగలేగా. రెండూ మారుమూల దీవులు. రెండింటి లక్ష్యమూ పశ్చిమ హిందూ మహాసముద్రం మీద కన్నేసి ఉంచడమే. పదేళ్ల తర్వాత ఒకటి పూర్తయింది. మరొకటి కాగితం మీదే మిగిలింది.

అజంప్షన్ విషయంలో ఏం జరిగిందో చూడండి. 2018 జనవరిలో సవరించిన ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సీషెల్స్ పార్లమెంటులో అప్పటికే ప్రతిపక్షానికి మెజారిటీ ఉంది. ఒప్పందం వివరాలు బయటకు పొక్కాయి. వీధుల్లో నిరసనలు మొదలయ్యాయి. పగడపు దిబ్బలు, తాబేళ్లు, సార్వభౌమత్వం అన్నీ కలిసి ఒకే నినాదమయ్యాయి. ప్రతిపక్షం ఆమోదించేది లేదని తేల్చి చెప్పింది. ఆ జూన్‌లో అధ్యక్షుడు డానీ ఫౌర్ ఢిల్లీ పర్యటనకు ముందే ఒప్పందాన్ని పార్లమెంటు ముందుకు తీసుకెళ్లబోనని చెప్పేశారు. రెండేళ్ల తర్వాత, 2020లో, ఒప్పందాన్ని వ్యతిరేకించిన వేవెల్ రామ్‌కలావన్ అధ్యక్షుడయ్యారు. ఆయన పూర్వీకులు బిహార్ నుంచి వెళ్లినవారే. రక్తసంబంధం మీద పెట్టుకున్న నమ్మకం ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అగలేగా బతికి బట్టకట్టడానికి రెండు కారణాలు. మొదటిది, అక్కడ జుగ్నాథ్ ప్రభుత్వానికి పార్లమెంటులో బలం ఉంది. ఇది అదృష్టం, దాన్ని విధానంగా లెక్కించకూడదు. రెండోది, రన్‌వేకు చాలా ముందు నుంచే రెండు దేశాల మధ్య పార్టీలకు అతీతంగా అల్లుకున్న వ్యవస్థల బంధం. అక్కడి తీర రక్షక దళానికి సారథ్యం వహించేది డిప్యుటేషన్ మీద వెళ్లిన భారత నౌకాదళ అధికారి. జాతీయ భద్రత సలహాదారు పదవిలో దశాబ్దాలుగా మన విశ్రాంత అధికారులు ఉంటూ వచ్చారు. వారి దళం వాడే డోర్నియర్ విమానాలు, ధ్రువ్ హెలికాప్టర్లు మనం అందించినవే. వారి గస్తీ నౌక 'బారాకుడా' కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైంది. భారత్ ఎగుమతి చేసిన తొలి యుద్ధనౌక అది.

2020 జులైలో జపాన్ యాజమాన్యంలోని వకాషియో నౌక మారిషస్ పగడపు దిబ్బకు గుద్దుకుని, చమురు ఒలికి తీరం నల్లబడింది. మత్స్యకారులు, విద్యార్థులు చెరకు ఆకులు నింపిన సంచులతో ఒడ్డున చమురుకు అడ్డుకట్ట వేశారు. అప్పుడు భారత్ 30 టన్నుల సామగ్రిని, తీర రక్షక దళానికి చెందిన పది మంది నిపుణులను పంపింది. ఒలికిన చమురుకు పార్టీ లేదు. పంపిన సాయానికీ పార్టీ లేదు. ఓటరుకు గుర్తుండేవి ఇలాంటివి.

డీగో గార్సియా చెప్పే పాఠం

'ఓటరు సమ్మతి అంటూ కూర్చుంటే స్థావరాలు నడుస్తాయా? డీగో గార్సియా సంగతేమిటి?' అని మిత్రులు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. కన్యాకుమారికి దక్షిణంగా సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలోని ఆ దీవిలో అమెరికా స్థావరం అర్ధ శతాబ్దంగా నడుస్తోంది. దానికి ఎవరి ఓటూ అడగలేదు. అడగనందుకు చెల్లించిన మూల్యం ఎంతో ఇప్పుడు తెలుస్తోంది.

1965లో, మారిషస్ ఇంకా వలసగా ఉండగానే, బ్రిటన్ చాగోస్ దీవులను దాన్నుంచి విడదీసింది. బదులుగా 30 లక్షల పౌండ్లు ముట్టజెప్పింది. అప్పటి మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్. స్వాతంత్ర్యం కావాలంటే ఒప్పుకోక తప్పని స్థితి ఆయనది. ఆ తర్వాత 1973 దాకా దీవివాసులను విడతలవారీగా ఖాళీ చేయించారు. బేరం ముగిసిందని లండన్ అనుకుంది.

ముగియలేదు. అంతర్జాతీయ న్యాయస్థానం 2019 ఫిబ్రవరి 25న ఆ విభజన చట్టవిరుద్ధమని అభిప్రాయపడింది. అప్పుడు జరిగినది ఆ ప్రజల స్వేచ్ఛాయుత సమ్మతి కాదని చెప్పింది. మూడు నెలల తర్వాత ఐరాస సర్వసభ్య సభలో 116 దేశాలు మారిషస్ పక్షాన, ఆరు దేశాలు మాత్రమే వ్యతిరేకంగా ఓటేశాయి. భారత్ మారిషస్ పక్షాన నిలిచింది. 2024 అక్టోబర్ 3న, ఎన్నికలకు నెల ముందు, చాగోస్ మీద మారిషస్ సార్వభౌమత్వాన్ని గుర్తించేందుకు బ్రిటన్ ఒప్పుకుంది.

ఈ విజయం తనను గెలిపిస్తుందని జుగ్నాథ్ ఆశించారు. ఓటరు దాన్ని పట్టించుకోలేదు. కొత్త ప్రభుత్వం పాత అవగాహనను ఉన్నదున్నట్టు ఒప్పుకోకుండా మళ్లీ చర్చలకు కూర్చుంది. చివరికి 2025 మే 22న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డీగో గార్సియాను బ్రిటన్ 99 ఏళ్లకు కౌలుకు తీసుకుంటుంది. సగటున ఏడాదికి 10.1 కోట్ల పౌండ్లు చెల్లిస్తుంది. ఆనాడు 30 లక్షలతో తెగిందనుకున్న బేరం ఇప్పుడు ఏడాదికి పది కోట్లు దాటింది. తండ్రి ఒత్తిడి కింద వదులుకున్న దాన్ని కొడుకు ప్రభుత్వం అద్దెతో సహా రాబట్టుకుంది. ఈ ఒప్పందం భవితవ్యం ఇప్పటికీ లండన్, వాషింగ్టన్ రాజకీయాలతో ముడిపడి ఉంది. ఇళ్లు కోల్పోయిన చాగోస్ వాసుల్లో చాలామంది తమను అడక్కుండానే ఇదీ కుదిరిందని మండిపడుతున్నారు. సమ్మతి లేని పునాది అరవై ఏళ్ల తర్వాత కూడా కదులుతూనే ఉంది.

అంతటి సైనిక బలం, సంపద ఉన్న శక్తులకే ఈ తలనొప్పి. మన బలగమెంత, మన ఖజానా ఎంత?

మాల్దీవుల నుంచి నేర్చుకున్నది

1988 నవంబర్ 3న మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ అభ్యర్థన మీద మన పారాట్రూపర్లు ఆగ్రా నుంచి ఐఎల్-76 విమానాల్లో వెళ్లి కుట్రను భగ్నం చేశారు. ఆపరేషన్ కాక్టస్ మన సైనిక చరిత్రలో మేలైన అధ్యాయం. ముప్పై అయిదేళ్ల తర్వాత అదే దేశంలో, ఒక డోర్నియర్, రెండు హెలికాప్టర్లను నడిపే 80 మంది లోపు భారత సిబ్బంది ఎన్నికల అంశమయ్యారు. వారు ప్రధానంగా రోగులను ఆసుపత్రికి తరలించే పని చేసేవారు. అయినా మహమ్మద్ ముయిజ్జు 2023లో గెలిచారు. 2024 మే 10 నాటికి సైనిక సిబ్బంది వెనక్కి వచ్చేశారు. వారి స్థానంలో పౌర నిపుణులు వెళ్లారు. 2024 ఏప్రిల్ పార్లమెంటు ఎన్నికల్లోనూ ముయిజ్జు పార్టీకి భారీ మెజారిటీ దక్కింది.

ఆ సమయంలో ఢిల్లీ చూపిన సంయమనం మెచ్చుకోదగినది. మన సామాజిక మాధ్యమ వీరులు బహిష్కరణ పిలుపులిచ్చి ఊగిపోతుంటే, ప్రభుత్వం మాత్రం ఓటరు తీర్పును గౌరవించి గడువులోగా సిబ్బందిని మార్చింది. ఆర్థిక సంక్షోభం ముదిరినప్పుడు కరెన్సీ మార్పిడి సాయంతో ఆదుకుంది. 2025 జులైలో మాల్దీవుల స్వాతంత్ర్య వజ్రోత్సవానికి ముయిజ్జు మన ప్రధానినే అతిథిగా పిలిచారు. సిబ్బంది తిరిగొస్తే పరువు పోయిందన్నవారు ఇప్పుడు మాట్లాడటం లేదు. రణరంగంలో సరైన సమయంలో వెనక్కి తగ్గడం కూడా ఒక విద్యే.

ఏది రహస్యం, ఏది కాదు

రక్షణ ఒప్పందాలను బహిరంగంగా చర్చిస్తే శత్రువుకు సమాచారం ఇచ్చినట్టే కదా అనేది సహజమైన అభ్యంతరం. యూనిఫాం వేసుకున్న ఏ అధికారీ ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయడు. కానీ ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. అగలేగాలో ఏ రోజు ఏ విమానం దిగుతుంది, దానిలో ఏ పరికరాలున్నాయి, ఏ సమాచారం ఎక్కడికి వెళ్తుంది అన్నవి రహస్యంగా ఉండాలి. ఆ దీవి ఎవరిది, రన్‌వే మీద తుది అధికారం ఎవరిది, భారత సిబ్బంది ఏ చట్టం కింద ఉంటారు, మారిషస్ కావాలనుకుంటే ఎలా ముగించవచ్చు అన్నవి రహస్యం కానక్కర్లేదు. మూడు కిలోమీటర్ల రన్‌వే ఉపగ్రహ చిత్రాల్లో చైనాకు ఎటూ కనిపిస్తూనే ఉంది. దాని షరతులు తెలియనిది మారిషస్ ఓటరుకే. శత్రువుకు తెలిసి మిత్రుడికి తెలియని రహస్యం వల్ల మనకు ఒరిగేదేమిటి?

అగలేగా ప్రాధాన్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కన్యాకుమారి నుంచి సుమారు మూడు వేల కిలోమీటర్ల దూరంలో, మొజాంబిక్ జలసంధి ఉత్తర ముఖానికి తూర్పున ఉన్న దీవి అది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో హౌతీల దాడులు మొదలయ్యాక ఎన్నో నౌకలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అప్పుడు ఆ జలాల విలువ ఇంకా పెరిగింది. జిబూటీలో చైనాకు 2017 నుంచి స్థావరం ఉంది. దాని నౌకలు, సర్వే ఓడలు మన సముద్రంలో నిత్యం తిరుగుతున్నాయి. మారిషస్‌తో చైనాకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2021 జనవరి నుంచే అమల్లో ఉంది. మన ఒప్పందం అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. పోటీ ఉంది. అందుకే ఆ రన్‌వే వచ్చే ఎన్నికనూ, ఆ తర్వాతి ఎన్నికనూ తట్టుకుని నిలవాలి.

ఢిల్లీ చేయాల్సినవి

మొదట, అగలేగా మీద అవగాహన పత్రాన్ని, కార్యాచరణ వివరాలు మినహాయించి, మారిషస్ పార్లమెంటు ముందు పెట్టేందుకు మనమే చొరవ చూపాలి. అన్ని పార్టీలూ ఉన్న సభ దాన్ని ఆమోదిస్తే, అది ఒక ప్రధాని ఇచ్చిన మాట స్థాయి నుంచి దేశం ఇచ్చిన మాటగా మారుతుంది. రామ్‌గులామ్ ప్రభుత్వానికి ఇప్పుడున్న మెజారిటీతో ఇది చేయడం కష్టం కాదు. ఇలాంటి అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

రెండోది, ఎన్నికల ఏడాదిలో ప్రారంభోత్సవాల విషయంలో నిగ్రహం. పని పూర్తయితే ప్రారంభించాల్సిందే. కానీ ఆ వేదిక మీద ప్రతిపక్ష నాయకుడికీ కుర్చీ ఉండేలా మన హైకమిషన్ సూచించగలదు. చిన్న మర్యాదే, కానీ ప్రభుత్వం మారిన రోజున దాని విలువ తెలుస్తుంది.

మూడోది, ప్రతిపక్షంతో నిరంతర పరిచయం. ఈ రోజు జుగ్నాథ్ పక్షం కుంగిపోయి ఉంది. 1982లో అరవై గెలిచిన కూటమి ఏడాదిలోపే చీలిందని మరవకూడదు. ఈ రోజు ఓడినవారి తలుపు తట్టకపోతే, రేపు వారు గెలిచినప్పుడు మన తలుపు తట్టరు.

నాలుగోది, అగలేగా ప్రజలు. 2024 డిసెంబర్‌లో చీడో తుపాను ఆ దీవిని తీవ్రంగా దెబ్బతీసింది. అక్కడి మూడు వందల మందికి ఆ రన్‌వే ఆసుపత్రికి దారి కావాలి, పిల్లల చదువుకు దారి కావాలి, కొబ్బరికీ చేపకూ మార్కెట్ కావాలి. తమను కూడా చాగోస్ వాసుల్లా ఖాళీ చేయిస్తారేమోనన్న భయం వారిలో కొందరికి ఉంది. ఆ భయం నిరాధారమని మాటలతో చెబితే సరిపోదు. వారి నివాస హక్కు ఒప్పందంలోనే రాసి ఉండాలి.

ఐదోది, చాగోస్. దాని చుట్టూ ఉన్న అపార జలాల నిఘాలో, సముద్ర సంరక్షణలో మారిషస్ మన సాయం కోరుతోంది. ఇవ్వాలి. కానీ దాన్ని అమెరికా, బ్రిటన్‌లతో కలిసి మారిషస్ మీద పెత్తనంగా కాక, మారిషస్ జెండా కింద చేసే సేవగా నడపాలి. కొలంబో భద్రతా సదస్సులో మారిషస్ 2022 నుంచి సభ్యదేశం. ఆ వేదిక ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

చివరిగా నిఘా సంస్థల పనితీరు. కేబుల్ కేంద్రాల్లాంటి సున్నితమైన చోట సాంకేతిక సాయం అవసరమైతే, ఆ దేశ చట్టబద్ధ సంస్థల ద్వారా, రాతపూర్వకంగా జరగాలి. ఒక ప్రధాని మౌఖిక అభ్యర్థన మీద జరిగిన పని, ఆ ప్రధాని పదవి పోయిన రోజున మన మెడకు చుట్టుకుంటుంది.

సైన్యంలో దళాన్ని ముందుకు పంపే ముందు దాని సరఫరా మార్గాన్ని ఎవరు కాపాడతారని అడుగుతాం. దీవిలోని రన్‌వేకూ ఒక సరఫరా మార్గం ఉంది. ఇంధనం ఓడలో వెళ్తుంది, సిబ్బంది విమానంలో వెళ్తారు. అనుమతి మాత్రం బ్యాలెట్ పెట్టెలోంచి రావాలి. మారిషస్‌లో తదుపరి ఎన్నికలకు ఇంకా సమయం ఉంది. అప్పటికి ఎవరు గెలుస్తారో మనం నిర్ణయించలేం, నిర్ణయించాలని చూడకూడదు కూడా. ఎవరు గెలిచినా అగలేగా వారి ప్రచారంలో తిట్టుగా మారకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. ఆ పనికి ఎన్నికల నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

(వ్యాసకర్త భారత సైన్య విశ్రాంత అధికారి)